పాప తీసుకున్న తీర్మానం

ఆటో హారన్ ఎడమ పక్క నుంచి మోగింది. పాప కుడి పక్కకు చూసింది.

ఎందుకో అప్పుడు తెలియదు. ఏదో సరిగ్గా లేదని మాత్రం తెలిసింది.

ఆత్మకూరులో మా వీధి మలుపు దగ్గర ఒక సందు ఉంది. ఆ సందులోంచి అనంతసాగరం పోయే షేర్ ఆటో నిండా జనంతో వెనక్కి వస్తోంది. డ్రైవరుకు వెనక ఏముందో కనపడదు కాబట్టి హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నాలుగేళ్ళ మా చిన్నోడు నా కొంగు పట్టుకుని ఆగిపోయాడు. మూడో తరగతి చదివే పాప మాకు కాస్త ముందు నడుస్తోంది. హారన్ విని ఆగింది, కుడి పక్కకు చూసింది. అక్కడ ఏమీ కనపడకపోయేసరికి ధైర్యంగా ముందుకు నడిచింది, సరిగ్గా ఆటో వెనక్కి.

వీపున ఉన్న బ్యాగు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఆటో ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏందమ్మా, పిల్లని పట్టుకోవద్దా? ఇంతసేపు హారన్ కొడతానే ఉండా గదా!" అన్నాడు. ఆటోలో ఉన్న ఒకామె, "ఈ కాలం తల్లులకి ఫోన్లు పట్టుకునేదానికే చేతులు చాలవు లే" అంది. నా చేతిలో ఫోను లేదు. సంచీలో కూరగాయలు మాత్రమే ఉన్నాయి.

"యాడ చూస్తా ఉండావు?" అని పాపను కసిరాను.

"ఆ పక్క నుంచి వస్తా ఉండాదేమో అనుకున్నా" అని నవ్వింది.

ఇంటికి వచ్చాక పుస్తకం ముందు కూర్చున్నాను. ఆ శనివారం నేను చదవాల్సిన పాఠం శిశు వికాసం. ఏ వయసు పిల్లలు ఏం చేస్తారో, ఎలా ఎదుగుతారో వివరించే పాఠం. కళ్ళు అక్షరాల మీద తిరుగుతున్నాయి, మనసు మాత్రం ఆ మలుపు దగ్గరే ఆగిపోయింది. లేచి వంటగదిలోకి వెళ్ళాను. వేసవి సెలవుల్లో ఉదయగిరి నుంచి పాప తెచ్చుకున్న చెక్క గరిటెలు రెండు అక్కడ ఉన్నాయి. మా అమ్మ వాళ్ళ ఎదురింట్లో అందరూ చెక్క గరిటెలు, చెంచాలు చెక్కుతారు. వాళ్ళు పాపకు ఆడుకోమని ఇచ్చినవి అవి. వాటిని తీసుకుని, నేల మీద కూర్చుని బొమ్మ గీసుకుంటున్న పాప వెనక నిలబడ్డాను.

కుడి పక్క టక్‌మనిపించాను. కుడి పక్కకు తిరిగింది.

ఎడమ పక్క టక్‌మనిపించాను. మళ్ళీ కుడి పక్కకే తిరిగింది. అక్కడ నేను లేకపోయేసరికి చుట్టూ తిరిగి చూసి, నన్ను కనిపెట్టి, ముఖమంతా వెలిగిపోతూ అడిగింది.

"ఏం ఆటమ్మా ఇది? నాకూ నేర్పియ్యవా?"

నేను ఆమెతో ఆడుకోవడానికి వచ్చాననుకుంది. ఎన్నాళ్ళకో అమ్మ తనతో ఆడుతోందని ఆ ముఖంలో సంతోషం. ఆ సంతోషాన్ని చూడలేక ఆమె వెనకే కూర్చుని, ఎడమ చెవి మీద పడ్డ జుట్టు పక్కకు తీశాను. చెవిలో దూది ఉంది. దాన్ని లాగితే పసుపు పచ్చగా తడిసి, వాసన వేస్తోంది.

"ఏందిది?"

"ఏం లేదమ్మా. నువ్వు పో, చదువుకో."

"నొప్పిగా ఉండాదా?"

"ఇప్పుడు లేదు. ముందు ఉండింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

పాప నా వైపు ఆశ్చర్యంగా చూసింది. తెలిసిన సంగతినే మళ్ళీ అడుగుతున్నానన్నట్టు చూసింది.

"చెప్తే తీర్మానం తప్పినట్టు గదమ్మా."

ఆ తీర్మానం సంగతి చెప్పాలి.

మేము బాప్టిస్టులం. ప్రతి జనవరి ఒకటిన మా అమ్మ వాళ్ళ ఊరు ఉదయగిరిలో, చిన్నప్పటి నుంచి నేను పోయిన చర్చిలోనే ఆరాధనకు వెళ్తాం. ఆ రోజు ఉదయం పాటలు, ప్రసంగం అయిపోయాక ఒక్కొక్కరే లేచి నిలబడి, గడిచిన ఏడాది దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం, కొత్త ఏడాదికి తీర్మానం చెబుతారు. తాగుడు మానేస్తానని ఒకరు, అత్తతో గొడవ పడనని ఇంకొకరు. చెప్పినవాళ్ళు కూర్చునే ముందు సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంటుంది. ఆ ఆమెన్‌తో ఆ మాటకు ముద్ర పడ్డట్టే. ఆ తర్వాత అది మీ ఒక్కరి మాట కాదు. బజారులో కనిపించినా అడుగుతారు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళూ అడుగుతారు, వచ్చే ఏడాది అదే చోట మళ్ళీ లేచి నిలబడాలి. మాకు అది మామూలే. నిజం చెప్పాలంటే నాకు అదంటే ఇష్టం కూడా. నా అంతట నేను అనుకున్నవి నాలుగు రోజుల్లో చల్లారిపోతాయి. పదిమంది ముందు చెబితే భయానికైనా చేస్తాను.

పెళ్ళికి ముందే నాకు బీఈడీ అయింది. టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ రాశాను, కొద్దిలో పోయింది. తర్వాత పాప పుట్టింది, చిన్నోడు పుట్టాడు. చదివినదంతా వంటింట్లో ఆవిరైపోయినట్టు అనిపించేది. అందుకే ఈ ఏడాది జనవరిలో నేను లేచి నిలబడ్డాను. "ఈ ఏడాది కొత్తగా మొదలుపెడతాను. ఉద్యోగం వచ్చేదాకా వెనకడుగు వేయను. నా కోసం ప్రార్థన చేయండి" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నా ఒళ్ళంతా వేడెక్కింది. ఆ వేడి నెలల తరబడి ఉండిపోయింది.

తర్వాత పిల్లల వంతు. పిల్లలు మామూలుగా తమ్ముడిని కొట్టననో, బైబిలు వాక్యాలు కంఠతా పడతాననో చెబుతారు. "అమ్మకు సాయం చేస్తానని చెప్పు" అని నేనే పాప చెవిలో చెప్పి ముందుకు పంపాను. అది ఏ చెవి అన్న ఆలోచన ఇప్పుడు నన్ను వదలడం లేదు. పాప చేతులు కట్టుకుని నిలబడి, పెద్దగా చెప్పింది.

"మా అమ్మకు ఉద్యోగం వచ్చేదాకా నేను అమ్మని పిలవను. దేనికీ పిలవను."

అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, "ఏందిమే, మీ అమ్మకి ఉద్యోగం రాకపోతే నీ పెళ్ళికి గూడా పిలవవా?" అంది. ఆ నవ్వుల్లోనే ఆమెన్ కూడా వచ్చింది. పాస్టరయ్య పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. అవి గర్వంతో వచ్చిన నీళ్ళు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఒక్క మాట అని ఉండాల్సింది. "అది ఊరికే అన్న మాటమ్మా, నీకు కావాల్సి వస్తే పిలువు" అంటే సరిపోయేది. అనాలనిపించింది కూడా. కానీ పాప పిలవకపోవడం నాకు పనికొస్తుందని ఎక్కడో లోపల తెలుసు. అందుకే పిల్ల మాటను పిల్ల దగ్గరే ఉండనిచ్చాను.

ఆత్మకూరు తిరిగొచ్చాక నా కొత్త జీవితం మొదలైంది. నన్ను నేను ఉత్సాహపరచుకోవడానికి ఎన్ని చేశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నా గొంతుతోనే మాటలు రికార్డు చేసి ఫోనులో అలారంగా పెట్టుకున్నాను. "లేవమ్మా, లేచి కూర్చో. ఈసారి నీదే. నువ్వు చేయగలవు" అని తెల్లవారక ముందే నా గొంతు నన్నే లేపేది. మా చిన్నోడికి అది పాటైపోయింది. ఇడ్లీ తినమంటే, "తినమ్మా, లేచి కూర్చో, ఈసారి నీదే" అని వాళ్ళ నాయనకు నోట్లో పెట్టేవాడు. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

కొన్నాళ్ళకు ఆ అలారానికి పాప కదలడం మానేసింది. అంతకు ముందు నాతోపాటే లేచి కూర్చునేది. పోనీలే, బాగా నిద్ర పడుతోందని సంతోషించాను. శనివారం సాయంత్రం ఆ దూది చేతిలో పట్టుకుని అడిగితే చెప్పింది. "ఇట్టా పడుకుంటే నీ అలారం వినపడదమ్మా" అని కుడి చెవిని అరచేతికి ఆనించి పడుకుని చూపించింది. అదేదో తను కనిపెట్టిన ఉపాయమైనట్టు చూపించింది.

జుట్టు సంగతి కూడా అంతే. పొద్దున రెండు జడలు వేసే సమయం చదువుకు మిగులుతుందని, బడి పరీక్షల నెలలో పాప జుట్టు చెవుల కిందికి కత్తిరించాను. జడలు ఉంటే రోజూ ఆ చెవులు నా చేతుల కింద ఉండేవి. రిబ్బను కట్టేటప్పుడు తడి తగిలేది, వాసన తెలిసేది. నేనే తెర కట్టినట్టు కట్టి, దాని వెనక ఏం జరుగుతోందో చూడలేదు.

నేను చదువుకునే గది తలుపు మూసి ఉండేది. మొదట్లో చిన్నోడు తలుపు కొట్టేవాడు. పాప వాడిని పక్కకు లాక్కుపోయి గుసగుసగా చెప్పడం నాకు వినిపించేది. "అమ్మని పిలవగూడదురా. నీకేం గావాలో నాకు చెప్పు." నీళ్ళు తనే ఇచ్చేది, చొక్కా గుండీలు తనే పెట్టేది. మా ఆయన ఎరువుల అంగడిలో పనిచేస్తారు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని ఇద్దరినీ బయటికి తీసుకుపోయేవారు. ఇరుగుపొరుగు వాళ్ళు, "నీ పిల్లలు బంగారమమ్మా, ఇంట్లో ఉన్నట్టే ఉండరు" అంటే నేను పొంగిపోయేదాన్ని.

ఆత్మకూరుకు ఆదివారాల్లో నెల్లూరు నుంచి ఒక చెవి డాక్టరు వస్తాడు. దూది బయటపడిన మరుసటి రోజు చర్చికి పోకుండా పాపను అక్కడికి తీసుకుపోయాం. డాక్టరు చిన్న లైటు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి కారతా ఉండాది?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. పాపే చెప్పింది.

"మామిడికాయలప్పటి నుంచి."

బయట వాన పడుతోంది. మామిడికాయలు పోయి ఎన్ని నెలలైందో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

కర్ణభేరికి రంధ్రం పడిందని డాక్టరు చెప్పాడు. చుక్కల మందు రాశాడు, చెవిలోకి నీళ్ళు పోనివ్వద్దన్నాడు. వినికిడి పరీక్ష చేయించడానికి నెల్లూరుకు రమ్మన్నాడు. రంధ్రం దానంతట అదే మూసుకుంటే మంచిదే, మూసుకోకపోతే ఆపరేషన్ చేయాల్సి రావచ్చని, వినికిడి ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనని అన్నాడు.

"మొదట్లోనే తెచ్చి ఉంటే ఇంత కాకపోవును" అన్నాడు. మందలించినట్టు కూడా అనలేదు. మామూలుగా అన్నాడు. అదే ఇప్పటికీ ఎక్కువగా గుచ్చుకుంటోంది.

సాయంత్రం ఉదయగిరి నుంచి మా అమ్మ ఫోను చేసింది.

"ఏందిమే, చర్చికి పోలేదంటనే?"

జరిగింది చెప్పాను.

"సెలవల్లో ఇక్కడుండేటప్పుడే చెవి పోటు అనింది. వెల్లుల్లిపాయలు కాంచిన నూనె పోసినా. తగ్గిందనే చెప్పింది."

"నాకు ఒక్క మాట చెప్పలేదేంది మా?"

"నువ్వు చదువుకుంటా ఉండావు గదా. నేనే చెప్పొద్దన్యా దాన్ని. ఇంత దూరం వస్తాదని నాకేం తెలుసు?" అని ఏడ్చింది. "నీ తీర్మానం నా వల్ల తప్పగూడదని..."

మా ఆయన కూడా అదే మాట అన్నారు. టీవీ సౌండు పాప పెంచుతూ ఉండడం ఆయన గమనించారట. పిలిస్తే ఒక్కోసారి పలకడం లేదని కూడా గమనించారట. "పరీక్ష అయిపోయినాక చెప్దామనుకున్నా. నువ్వు టెన్షన్ పడతావని" అన్నారు.

నాకు ఎవరి మీదా కోపం రాలేదు. రావడానికి చోటు లేదు. నేను పైకి ఎక్కాలని అందరూ కింద నిచ్చెన పట్టుకున్నారు. చెయ్యి నొప్పి పుడుతోందని ఒక్కరూ అనలేదు. వాళ్ళలో చిన్నదైన పాప అసలే అనలేదు. నన్ను నేను ప్రోత్సహించుకోవడం నాకు బాగా వచ్చింది. ఇంట్లో వాళ్ళ గొంతులు తగ్గిపోతున్నాయని మాత్రం తెలుసుకోలేకపోయాను.

లక్ష్యం పెట్టుకోవడం తప్పని ఈ రాత్రి కూర్చుని రాస్తున్నప్పుడు కూడా నాకు అనిపించడం లేదు. అలా రాసేస్తే తేలికగా ఉండేది. బడిలో నల్లబల్ల ముందు నిలబడాలన్న కోరిక ఇంకా నాలో అలాగే ఉంది. దాన్ని చంపుకుంటే పాప చెవి బాగవుతుందా? కాదు. ఆ జనవరి ఉదయం "ఉద్యోగం వచ్చేదాకా" అన్నాను చూడండి, ఆ మాట దగ్గరే పొరపాటు జరిగింది. నా గడువు నాకు పెట్టుకున్నాననుకున్నాను. దాన్ని ఇంట్లో అందరికీ పెట్టాను. ఉద్యోగం వచ్చేదాకా పిల్ల ఎదగకుండా ఆగదు, జబ్బు పడకుండా ఆగదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఇంత ఖరీదు పడింది. ఆ ఖరీదు కట్టింది నేను కాదు.

ఆదివారం చుక్కల మందు వేసేటప్పుడు పాప నా ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చల్లగా తగిలినట్టుంది, భుజాలు ముడుచుకుంది. నొప్పిగా ఉందా అని అడిగితే లేదని తల ఊపింది. నిజంగా లేదో, అలవాటుగా లేదంటోందో నాకు అర్థం కాలేదు. నా కన్నబిడ్డ "లేదు" అంటే నమ్మాలో వద్దో తెలియని స్థితికి వచ్చాను. ఆ చెవి బాగుపడినా, ఈ "లేదు" బాగుపడుతుందా అన్నదే నా భయం.

ఆ రోజే అలారంలోని నా గొంతును చెరిపేశాను.

సోమవారం పొద్దున ఇద్దరినీ గది గడప మీద కూర్చోబెట్టుకున్నాను. తలుపు వారగా తెరిచి, అది కదలకుండా నా లావుపాటి పుస్తకం ఒకటి అడ్డంగా పెట్టాను. పాపకు కుడి పక్కన కూర్చున్నాను. చిన్నోడు నా ఒళ్ళోకి ఎక్కాడు.

"మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాల" అన్నాను. "నేను చదువుకుంటా ఉండేటప్పుడు గూడా నన్ను పిలవండి. ఒకసారి పిలిస్తే పలకకపోతే గట్టిగా పిలవండి. అప్పటికీ పలకకపోతే వచ్చి పుస్తకం మూసేయండి."

"నేను మూసేస్తా!" అన్నాడు చిన్నోడు.

పాప కాలి బొటనవేలితో గడప మీద గీస్తూ కూర్చుంది. కొంచెంసేపటికి అడిగింది.

"మరి తీర్మానం? అందరూ ఆమెన్ అన్నారు గదమ్మా. తప్పితే దేవుడికి కోపం రాదా?"

"ఆ మాట నీది కాదమ్మా. నా కోసం అన్నావు, నేను ఊరుకున్నా. అందుకని అది నాది. వచ్చే ఆదివారం ఉదయగిరికి పోదాం. ఆడ నేనే లేచి నిలబడి, ఆ మాట వాపసు తీసుకుంటా ఉండానని చెప్తా."

"అట్టా ఎవురూ చెప్పరు."

"నేను చెప్తా."

"ఆ ముందు వరస అవ్వ నవ్వుతాది."

"నవ్వనీ."

"పరీక్ష రాయవా ఇంక?" పాప గొంతులో భయం వినిపించింది. ఇన్ని నెలల ఓర్పు ఊరికే పోతుందేమోనన్న భయం.

"రాస్తా. ఈ తలుపు తెరుచుకునే చదువుతా. వస్తే వస్తాది, రాకపోతే మళ్ళీ రాస్తా. నువ్వు పిలిచినందుకు ఉద్యోగం పోదు. పోయినా నీ వల్ల పోయినట్టు కాదు. తెలిసిందా?"

తల ఊపింది. తెలిసినట్టు కాదు, నా కోసం ఊపినట్టు. అందుకే ఇంకొంచెం దగ్గరికి జరిగి, ఆ కుడి చెవి దగ్గరే అడిగాను.

"సరే, ఇప్పుడు చెప్పు. జనవరి నుంచి నన్ను పిలవాలనిపించి పిలవకుండా ఉండినవన్నీ చెప్పు. చిన్నవైనా సరే. బడికి టైమైపోయినా పరవాలేదు. నేను ఈడనే కూర్చోనుండా."